ఏఆర్ ఆరిగే మీద పాదరసం ఎక్కడిది? దాని వెలుగు తగ్గడం మన మేడ మీంచి కనిపిస్తుందా?

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంతలో కుదించి చెబుతాను. మీరు నరసన్నపేట దగ్గర ఉంటారు, బీఎస్సీ ఆఖరి సంవత్సరం. చేతిలో 10×50 బైనాక్యులర్ ఉంది, స్నేహితుడి దగ్గర డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉంది. ఏఆర్ ఆరిగే అనే మసక నక్షత్రం గురించి చదివారు. అది వేరియబుల్ (వెలుగు మారే నక్షత్రం) అనీ, జంట నక్షత్రమనీ, దాని మీద పాదరసం, మాంగనీసు విపరీతంగా ఉన్నాయనీ అందులో రాసి ఉంది. మీ అనుమానాలు మూడు. ఆ వెలుగు మారడం ఇక్కడి నుంచి చూడగలమా? మారడానికి కారణం ఆ పాదరసమేనా? ఆ పాదరసం పక్క నక్షత్రం నుంచి ఒలికి వచ్చిందా? చివర్లో టెలిస్కోప్ కొనాలా అని కూడా అడిగారు.

జవాబులు వరసగా: చూడగలరు, బైనాక్యులర్ చాలు. వెలుగు తగ్గడానికి కారణం గ్రహణం, దానికీ పాదరసానికీ సంబంధం లేదు. పాదరసం పక్క నక్షత్రం ఇచ్చింది కాదు, మొదటి నుంచీ దాని సొంతమే.

మాస్టారూ అని పిలిచారు కాబట్టి కాస్త పాఠం చెప్పే చనువు తీసుకుంటాను. నేను విజయనగరంలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. వేరియబుల్ నక్షత్రాలు చూడడం ఉద్యోగం కన్నా ముందు నుంచీ ఉన్న అలవాటు. ఈ ఏఆర్ ఆరిగే గురించి అడిగేవాళ్ళందరూ ఒకచోటే తడబడతారు. వేరియబుల్, జంట, విచిత్రమైన రసాయనం అని మూడు మాటలు ఒకే వాక్యంలో కనిపించేసరికి ఒకదానికి ఇంకోటి కారణం అనుకుంటారు. ఈ నక్షత్రంలో మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు. రెండింటి మధ్య ఒక సన్నని లింకు ఉంది, అది కూడా మీరు ఊహించిన దారిలో లేదు. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు వెలుగు సంగతి. ఏఆర్ ఆరిగేకి ఇంకో పేరు 17 ఆరిగే. రెండు నక్షత్రాలు 4.1347 రోజులకి ఒక చుట్టు తిరుగుతాయి. ఆ కక్ష్యని మనం దాదాపు అంచు వైపు నుంచి చూస్తున్నాం కాబట్టి ప్రతి చుట్టులో రెండుసార్లు ఒకదానికి ఇంకోటి అడ్డం వస్తుంది. మామూలుగా 6.15 మ్యాగ్నిట్యూడ్ (నక్షత్రం వెలుగుని చెప్పే అంకె) ఉండేది పెద్ద గ్రహణంలో 6.8 దాకా, చిన్న గ్రహణంలో సుమారు 6.7 దాకా పడిపోతుంది. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టని మీకు తెలిసే ఉంటుంది. 6.15 నుంచి 6.8 అంటే దాదాపు సగం వెలుగు పోయినట్టే. రెండూ పరిమాణంలో ఇంచుమించు సమానం. ఉపరితలం వేడి కూడా ఒకటి 10,950 కెల్విన్ల దగ్గర, ఇంకోటి 10,350 దగ్గర. అందుకే రెండు గ్రహణాల లోతులోనూ పెద్ద తేడా లేదు. నట్టనడి గ్రహణంలో ఒకటి చాలావరకు మరుగున పడి, ఎక్కువగా రెండోదాని వెలుగే మనకి అందుతుంది. ఈ లెక్కలో పాదరసం ఎక్కడా లేదు. ఆ పాదరసం మొత్తం తీసేసినా గ్రహణం ఇలాగే పడుతుంది.

ఎక్కడ వెతకాలో చెబుతాను. జనవరిలో రాత్రి తొమ్మిది గంటలకి ఉత్తరం వైపు తిరిగి, మెడ బాగా పైకెత్తితే కనిపించే పసుపుపచ్చని పెద్ద నక్షత్రం బ్రహ్మహృదయం, అదే కాపెల్లా. ఆరిగా రాశికి అదే గుర్తు. ఆ ఐదు మూలల ఆకారంలో రోహిణి వైపున్న మూలలో అయోటా ఆరిగే ఉంది. బైనాక్యులర్‌ని దాని మీద పెట్టి, తూర్పు వైపు నాలుగు డిగ్రీల పైన జరపండి. చిన్న చేపపిల్ల ఆకారంలో నక్షత్రాల గుంపు ఒకటి వస్తుంది. అందులో 16, 17, 18, 19 ఆరిగేలు ఉన్నాయి. స్టెల్లారియం అనే ఆకాశపటం యాప్‌లో ఆ చోటు ముందే పెద్దది చేసి, కాగితం మీద బొమ్మ వేసుకుని మేడెక్కండి. ఫోన్ స్క్రీన్ చూస్తూ నక్షత్రాలు వెతికితే కళ్ళు చీకటికి అలవాటు పడవు.

అదృష్టం ఏమిటంటే, ఆ గుంపులోనే కొలబద్ద కూడా ఉంది. 18 ఆరిగే వెలుగు సుమారు 6.5. అంటే మామూలు రోజుల్లో 17 దానికన్నా వెలుగుగా, గ్రహణం నడి సమయంలో దానికన్నా మసకగా ఉండాలి. అంకెలు అంచనా కట్టడం రాకపోయినా ఫరవాలేదు. 17 వెలుగా, 18 వెలుగా అన్న ఒక్క ప్రశ్నకి జవాబు రాసుకుంటే చాలు. ఇంత సులువైన ఏర్పాటు ఉన్న గ్రహణ జంట నక్షత్రం నాకు ఇంకోటి గుర్తు రావడం లేదు. 16 ఆరిగేతో మాత్రం పోల్చకండి. అది నారింజ రంగు నక్షత్రం, పైగా చాలా వెలుగైనది. రంగు తేడా ఉంటే చీకట్లో కన్ను మోసపోతుంది.

టైం ఎలా పట్టాలి. పెద్ద గ్రహణానికీ పెద్ద గ్రహణానికీ మధ్య 4 రోజుల 3 గంటల 14 నిమిషాలు. కక్ష్య గుండ్రంగా ఉంది కాబట్టి చిన్న గ్రహణం సరిగ్గా సగంలో వస్తుంది. అంటే ఏదో ఒక గ్రహణం 2 రోజుల 1 గంట 37 నిమిషాలకి ఒకసారి వస్తూనే ఉంటుంది. ఈ రోజు రాత్రి 8 గంటలకి పెద్ద గ్రహణం నడిమధ్యకి వచ్చిందనుకోండి. ఎల్లుండి రాత్రి 9.37కి చిన్నది. ఇంకో రెండు రాత్రులకి 11.14కి మళ్ళీ పెద్దది. ఆ తర్వాతవి అర్ధరాత్రి దాటి 12.51కి, 2.28కి. తర్వాత తెల్లవారుజాములోకి, పగట్లోకి జారిపోతాయి. మళ్ళీ సాయంత్రాలకి రావడానికి నెల పడుతుంది. పదిహేను గ్రహణాలు కలిపితే సరిగ్గా 31 రోజుల మీద పావుగంట కూడా ఉండదు. అందుకని ఈ నెల 10న పెద్ద గ్రహణం ఏ టైంకి చూశారో, 31 రోజులకి దాదాపు అదే టైంకి ఈసారి చిన్న గ్రహణం చూస్తారు. ఈ లెక్క ఒకసారి వంటబడితే ఏ వెబ్‌సైటూ అక్కర్లేదు.

మొదటి టైం మాత్రం ఎక్కడి నుంచైనా తీసుకోవాలి. అమెరికా వేరియబుల్ నక్షత్రాల సంఘం ఏఏవీఎస్ఓ వాళ్ళ జాబితాలో ఉంటుంది. అందులో తేదీ జూలియన్ దినాల్లో ఇస్తారు. ఆ దినం మొదలయ్యేది గ్రీన్‌విచ్ మధ్యాహ్నానికి, అంటే మనకి సాయంత్రం ఐదున్నరకి. మనవాళ్ళు ఇక్కడే చాలామంది ఒక రోజు తేడాతో మేడెక్కి, ఏమీ జరగలేదని దిగిపోతారు. ఇంకో చిన్న సంగతి: ఈ జంటకి దూరంగా మూడో నక్షత్రం ఒకటి ఉందని గ్రహణాల టైముల్లో వచ్చే తేడాని బట్టే కనిపెట్టారు. దాని చుట్టు సుమారు 24 ఏళ్ళు. ఆ లాగుడు వల్ల జంట మనకి కొంచెం దగ్గరగా, కొంచెం దూరంగా జరుగుతూ గ్రహణం కొన్ని నిమిషాలు ముందూ వెనకా అవుతుంది. బైనాక్యులర్ వాళ్ళకి ఇది పట్టదు. కెమెరాతో నిమిషాల లెక్కన కొలవాలనుకుంటే పట్టించుకోవాలి.

గ్రహణం మొత్తం ఆరు గంటల పైన సాగుతుంది. అంతసేపూ కళ్ళప్పగించి కూర్చోనక్కర్లేదు. నడి టైంకి మూడు గంటల ముందు ఒకసారి చూసి, తర్వాత పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక చూపు చూసి రాసుకుంటే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: టైం ముందే తెలిస్తే కన్ను అబద్ధం చెబుతుంది. మా మేడ మీదకి వచ్చే గుంటలకి ఒకసారి కావాలనే గ్రహణం టైం రెండు గంటలు తప్పు చెప్పాను. సగంమంది నేను చెప్పిన టైంకే నక్షత్రం మసకబారిందని రాశారు. ఒక అమ్మాయి మాత్రం ఇంకా తగ్గలేదని రాసి, నేను కోప్పడతానేమోనని కాగితం దాచిపెట్టుకుంది. తర్వాత చూస్తే ఆ పిల్ల గీసిన వక్రరేఖే సరైనది. మీరు చూసేటప్పుడు టైం లెక్క స్నేహితుడి దగ్గర ఉంచండి, మీరు చూడకండి. ఇద్దరూ చూస్తే ఎవరి కాగితం వాళ్ళది.

ఇప్పుడు అసలు తమాషా. మీరు 17 ఆరిగే చూస్తున్నప్పుడు దాని పక్కనే, చంద్రబింబం వెడల్పులో మూడో వంతు దూరంలో, ఇంకో వెలుగైన నక్షత్రం ఉంటుంది. దాని పేరు ఐక్యూ ఆరిగే, వెలుగు సుమారు 5.4. అదీ వేరియబులే, అదీ రసాయనంలో విచిత్రమైనదే. దాని మీద పెత్తనం సిలికానుది. కానీ అది మారే పద్ధతి పూర్తిగా వేరు. దానికి బలమైన అయస్కాంత క్షేత్రం ఉంది. ఆ క్షేత్రం సిలికాన్ వగైరా మూలకాలని ఉపరితలం మీద మచ్చలుగా పోగుచేసి పట్టి ఉంచుతుంది. నక్షత్రం రెండున్నర రోజులకి ఒకసారి తన చుట్టూ తాను తిరిగేటప్పుడు ఆ మచ్చలు ఎదురుగా వచ్చి పోతూ ఉంటే వెలుగు కొద్దిగా మారుతుంది. ఎంత కొద్దిగా అంటే, మ్యాగ్నిట్యూడ్‌లో వందో వంతుల లెక్కలో. కన్నుకి దొరకదు. ఇలాంటివాటిని ఆల్ఫా-2 కేనమ్ వెనాటికోరమ్ తరగతి అంటారు, జాబితాల్లో ఏసీవీ అని ఉంటుంది. వెలుగు మారడానికి కారణం ఆ రసాయనమేనా అన్న మీ రెండో ప్రశ్నకి ఐక్యూ ఆరిగే విషయంలో అయితే అవుననే చెప్పాలి. ఏఆర్ ఆరిగే విషయంలో కాదనాలి. పక్కపక్కనే కనిపించే రెండు నక్షత్రాలు, ఒకే విశేషణాలు, కారణాలు మాత్రం వేరు. కెమెరాతో కొలిచేటప్పుడు ఐక్యూని పోలికకి వాడకూడదన్నది ఇందులోంచే వచ్చే జాగ్రత్త.

ఆరిగాలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. తీటా ఆరిగే కూడా సిలికాన్ రకమే, మామూలు కంటికి కనిపిస్తుంది, 3.6 రోజుల ఆవర్తనం. బీటా ఆరిగే రెండు లోహరేఖల నక్షత్రాల (వర్ణపటంలో లోహాల గీతలు బలంగా కనిపించేవి) జంట, దానికీ గ్రహణం పడుతుంది, కాకపోతే తగ్గేది 0.09 మ్యాగ్నిట్యూడే. మీ స్నేహితుడి కెమెరాకి ఈ బీటా మంచి పరీక్ష. స్టాండు మీద పెట్టి, 50 ఎంఎం లెన్సుతో, ఫోకస్ కొంచెం చెరిపి, కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్లు వరసగా తీసి, ఆకుపచ్చ చానల్ ఒక్కదాన్నే కొలిస్తే 0.02 దాకా ఖచ్చితత్వం వస్తుంది. ఓపిక ఉంటేనే సుమా.

ఇక పాదరసం. వర్ణపటంలో వైలెట్ చివర 398.4 నానోమీటర్ల దగ్గర ఒక గీత ఉంటుంది. అది పాదరసానిదని 1960ల మొదట్లో అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు బిడెల్మన్ గుర్తించాడు. ఆ గీత బలాన్ని బట్టి లెక్కగడితే, ఈ రకం నక్షత్రాల మీద పాదరసం సూర్యుడి కన్నా లక్ష రెట్లు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ. వినగానే అదేదో పాదరసపు గోళం అనిపిస్తుంది. అలా కాదు. వర్ణపటం మనకి చెప్పేది పైపొర సంగతి మాత్రమే. లోపల మామూలు నక్షత్రమే, అదే హైడ్రోజన్, అదే హీలియం. మొత్తం పాదరసం ఏమీ పెరగలేదు. లోపల చెదిరి ఉన్నది పైకొచ్చి ఒకచోట చేరింది, అంతే.

పైకి ఎలా వచ్చింది? 1970లో కెనడా శాస్త్రజ్ఞుడు జార్జ్ మిషో చెప్పిన వివరణే ఇప్పటికీ నిలబడింది. మీరు పల్లెటూరివాళ్ళే కాబట్టి నూర్పిడి కళ్ళంలో తూర్పారబట్టడం చూసే ఉంటారు. గాలి పట్టేది ఎగిరిపోతుంది, పట్టనిది కిందపడుతుంది. నక్షత్రంలో గాలి పని కాంతి చేస్తుంది. లోపలి నుంచి పైకి దూసుకొచ్చే కాంతిని ఏ పరమాణువు ఎక్కువగా పీల్చుకుంటుందో అది పైకి నెట్టబడుతుంది. పీల్చుకోలేనిది గురుత్వాకర్షణకి కిందికి దిగుతుంది. కాబట్టి బరువైన పాదరసం తేలడంలో వింత లేదు. ఆ వేడి దగ్గర వచ్చే కాంతిని అది బాగా పట్టుకుంటుంది. తేలికైన హీలియం పట్టుకోలేదు, మునిగిపోతుంది. పాదరసం ఎక్కువైన ఈ నక్షత్రాల్లో హీలియం తక్కువగా ఉండడం ఈ వివరణకి పెద్ద సాక్ష్యం.

కానీ ఇదంతా జరగాలంటే పైపొర నిశ్చలంగా ఉండాలి. ఈ తేలడం చాలా నెమ్మదైన పని. కింద నుంచి కుతకుతలాడే ప్రవాహాలు ఉన్నా, నక్షత్రం వడిగా తిరుగుతున్నా అంతా కలిసిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. సూర్యుడి పైపొర అలా ఉడుకుతూ ఉంటుంది కాబట్టే అక్కడ ఈ వేషాలు లేవు. పది పదకొండు వేల కెల్విన్ల నక్షత్రాల్లో ఆ ఉడుకు దాదాపు లేదు. కాకపోతే అవి మామూలుగా సెకనుకి వంద కిలోమీటర్లకి పైన వేగంతో తిరుగుతాయి. అందుకే ఆ రకం నక్షత్రాలన్నీ పాదరసం నక్షత్రాలు కాలేదు.

నేను ముందు చెప్పిన సన్నని లింకు ఇక్కడుంది. ఏఆర్ ఆరిగేలో బరువైనదాని వ్యాసార్ధం సూర్యుడికి 1.78 రెట్లు, అంటే 12.4 లక్షల కిలోమీటర్లు. దాని నడుము చుట్టుకొలత సుమారు 78 లక్షల కిలోమీటర్లు. నాలుగు రోజుల మూడు గంటల పధ్నాలుగు నిమిషాల్లో ఒక చుట్టు తిరిగితే వేగం సెకనుకి 22 కిలోమీటర్లు వస్తుంది. వర్ణపటంలో గీతల వెడల్పుని బట్టి కొలిచిన వేగం కూడా అంతే. అంటే చంద్రుడు మనకి ఎప్పుడూ ఒకే ముఖం చూపించినట్టే ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుగా కట్టుబడి తిరుగుతున్నాయి. పక్కనున్న తోడు దీన్ని నెమ్మదిగా తిప్పుతోంది. నెమ్మది వల్ల నిశ్చలత, నిశ్చలత వల్ల పాదరసం పైకి తేలడం. తోడు చేసిన పని అంతవరకే. సరుకు దానిది కాదు.

లోహరేఖల నక్షత్రాల్లో ఈ సంబంధం ఇంకా బాగా కనిపిస్తుంది. అవి దాదాపు అన్నీ జంటల్లోనే ఉంటాయని 1961లోనే హెల్మట్ ఆబ్ట్ చూపించాడు. మృగవ్యాధుడు, అదే సిరియస్, స్వయంగా ఆ రకమే.

మీరు అడిగిన ‘ఒలికి రావడం’ అసలు లేదని కాదు, ఇక్కడ కుదరదు. ఏఆర్ ఆరిగేలో రెండిటి మధ్య దూరం సూర్యుడి వ్యాసార్ధానికి 18 రెట్లు. ఒక్కొక్కదాని వ్యాసార్ధం రెండు రెట్లు కూడా లేదు. ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకి వాయువు పొర్లే పరిస్థితి లేదు. పైగా వయసు కొన్ని మిలియన్ల సంవత్సరాలే అని అంచనా. తక్కువ బరువున్న రెండోది పరిమాణంలో కొంచెం పెద్దగా, 1.82 రెట్లు ఉంది. అది ఇంకా కుదించుకుంటూ సర్దుకునే దశలోనే ఉందని అందుకే అనుకుంటున్నారు. పుట్టి ఇంకా కుదురుకోని నక్షత్రం బరువైన మూలకాలు వండి పక్కవాళ్ళకి పెట్టలేదు కదా.

ఒలికి వచ్చిన కేసు చూడాలంటే బేరియం నక్షత్రాలు చూడండి. 1951లో బిడెల్మన్, కీనన్ వీటిని ఒక తరగతిగా గుర్తించారు. బేరియం తయారయ్యేది ముసలి రాక్షస నక్షత్రాల లోపల. ఈ బేరియం నక్షత్రాలు ఆ దశకి రాలేదు, అయినా వాటి మీద బేరియం ఉంది. చాలాకాలం అర్థం కాలేదు. 1980ల నాటికి అవన్నీ జంటలేనని కొలతల్లో తేలింది. తోడు నక్షత్రం ఒకప్పుడు రాక్షస దశలో ఉన్నప్పుడు తన సరుకు దీని మీద ఒంపి, తర్వాత తెల్లమరుగుజ్జుగా, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన చిన్న శేషంగా మిగిలిపోయింది. మీకు ఒక పరీక్ష చెబుతాను: విచిత్రమైన రసాయనం ఉన్న జంటలో తోడు తెల్లమరుగుజ్జు అయితే ముందు దాన్ని అనుమానించండి. తోడు కూడా ఇంకా మామూలు నక్షత్రమే అయితే పైపొరలో తేలడం, మునగడం అనుమానించండి. సిరియస్ తోడు తెల్లమరుగుజ్జే కదా అని మీరు వెంటనే అడుగుతారు. అడగాలి కూడా. సిరియస్ విషయంలో ఆ వాటా ఎంతన్న వాదన నిజంగానే జరిగింది. ఏ పరీక్షకైనా ఇలాంటి మినహాయింపు ఒకటి ఉంటుంది.

నన్ను ఇప్పటికీ వదలని ముక్క వేరే ఉంది. ఏఆర్ ఆరిగేలో రెండూ ఒకే మబ్బులో, ఒకేసారి పుట్టాయి. ఒకే వేగంతో తిరుగుతున్నాయి. బరువులు సూర్యుడికి 2.48 రెట్లు, 2.29 రెట్లు. వేడిలో తేడా ఆరువందల డిగ్రీలు. అయినా పాదరసం, మాంగనీసు వేషం బరువైనదానిదే. రెండోదాని మీద ఉన్నది బలహీనమైన లోహరేఖల లక్షణం మాత్రమే. అంత చిన్న తేడాకి అంత పెద్ద మార్పు ఎలా? జంట గ్రహణాలు పడేది కాబట్టే మనకి బరువులూ, వ్యాసార్ధాలూ ఇంత ఖచ్చితంగా తెలిశాయి, ఈ ప్రశ్న ఇంత పదునుగా అడగగలుగుతున్నాం. ఒంటరి పాదరసం నక్షత్రాన్ని ఇలా తూకం వేయలేం. ఈ మసక నక్షత్రం మీద అన్ని పరిశోధనలు జరగడానికి కారణం అదే.

2006లో దీని పైపొర మీద స్ట్రాన్షియం, యట్రియం లాంటివి సమంగా కాక మచ్చలుగా పరుచుకుని ఉన్నాయని వర్ణపటాల ద్వారా చూపించారు. అయస్కాంత క్షేత్రం లేకుండా మచ్చలు ఎలా నిలుస్తాయన్నది తర్వాతి గొడవ. 2010లో ఒక బృందం క్షేత్రం దొరికిందంది, ఇంకో బృందం వెతికాం, లేదంది. ఆల్ఫా ఆండ్రోమెడే మీద అయితే పాదరసం మచ్చలు ఏళ్ళ తరబడి రూపం మార్చుకుంటున్నాయని 2007లో తేలింది. మన ఉత్తరాభాద్రలో ఒక నక్షత్రం అదే. ఈ మాట చెబితే ఉత్తరాభాద్రలో పుట్టిన మా బంధువు ఒకాయన సిద్ధాంతి గారి దగ్గరికి బయల్దేరాడు. మీ చుట్టాల్లో ఎవరైనా ఉంటే కంగారు పడొద్దని చెప్పండి.

ఆ 398.4 గీత ఇంట్లో చూడగలమా అంటే, లేదు. చిన్న గ్రేటింగ్‌తో కెమెరాలో పట్టే వర్ణపటానికి అంత సూక్ష్మత రాదు. పైగా ఆ వైలెట్ చివర మామూలు కెమెరా సెన్సారు సరిగా చూడదు. అది తమిళనాడులోని కావలూరులో ఉన్న 2.3 మీటర్ల వైను బప్పు టెలిస్కోప్ లాంటివాటి పని.

మన ఆకాశం గురించి నాలుగు మాటలు. ఈ నక్షత్రం నడినెత్తికి దగ్గరగా, ఉత్తరం వైపు 74 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది. కాబట్టి హైవే లైట్లు, రొయ్యల చెరువుల లైట్లు దిగంతాన్ని పాడుచేసినా దీనికి పెద్దగా నష్టం లేదు. కళింగపట్నం బీచ్‌కి వెళ్ళి చూద్దామని చాలామంది అంటారు. సముద్రం ఉన్నది తూర్పు, దక్షిణం దిక్కుల్లో. ఆరిగాకి ఆ చీకటి ఉపయోగపడదు, పైగా ఉప్పుగాలికి లెన్సులు చెమరుస్తాయి. సొంత మేడ మీద మడత మంచం వేసుకుని, కాళ్ళు ఉత్తరం వైపు పెట్టుకుని పడుకోవడమే మేలు. కూర్చుని చూస్తే అరగంటకి మెడ పట్టేస్తుంది. తుఫాన్ల కాలం దాటాక, డిసెంబర్ నడిమి నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి రోజులు. భోగి ముందురోజూ, భోగి నాడూ పెట్టుకోకండి, పొగ. తెల్లవారుజామున మంచు దిగే రాత్రుల్లో 18 ఆరిగే కూడా మసకబారితే అది గ్రహణం కాదని తెలుసుకోవాలి. రెండూ కలిసి తగ్గితే గాలి పని, 17 ఒక్కటే తగ్గితే నక్షత్రం పని.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చిన తర్వాత ఉద్దానంలో మా చుట్టాల ఊరికి వెళ్ళాను. రోజుల తరబడి కరెంటు లేదు. అర్ధరాత్రి దాటాక ఆ చేపపిల్ల గుంపు బైనాక్యులర్ లేకుండానే తెలిసింది. కొబ్బరిచెట్లన్నీ కూలి పడి ఉన్నచోట ఆ చీకటిని మెచ్చుకోవడానికి నోరు రాలేదు. కానీ మన ఆకాశం అసలు ఎంత లోతుదో తెలిసింది.

ఈ తీరం నుంచి చూడడం కొత్తేం కాదు. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో విశాఖ డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల కట్టుకున్నారు. తేమ అప్పుడూ ఇంతే ఉండి ఉంటుంది.

టెలిస్కోప్ ఇప్పుడే కొనకండి. చవక టెలిస్కోపుల్లో ఒకేసారి కనిపించే ఆకాశం చిన్నది. 17, 18 రెండూ ఒకే చూపులో సౌకర్యంగా పడకపోతే పోల్చడం కష్టం. మీ 10×50 దీనికి టెలిస్కోప్ కన్నా మంచిది. డబ్బు ఖర్చు పెట్టాలని ఉంటే బైనాక్యులర్‌ని బిగించే ఒక గట్టి స్టాండు కొనండి, చెయ్యి వణకదు. ఒక సీజన్ చూసి, కనీసం ఒక పెద్ద గ్రహణం, ఒక చిన్న గ్రహణం మీ సొంత కాగితం మీద గీసుకున్నాక ఆ గీతలు ఇక్కడ పెట్టండి. టైములు ఇండియా టైంలోనే రాయండి, మార్చడం నేను చూసుకుంటాను. ఏ పోలిక నక్షత్రం వాడారో, చంద్రుడు ఉన్నాడో లేడో పక్కన రాయడం మర్చిపోవద్దు.